తుడిసిన గాజుపలక

నిన్న నా ప్రాజెక్టును నా చేతులతోనే ఎట్ల ఆగం చేసుకున్ననో చెప్త, చాయ్ తాగుకుంట వినుండ్రి. నవ్వేటోళ్లు నవ్వుండ్రి, నాకైతే ఓపిక లేదు.

మీకెర్కే గదా, నా ఎం.టెక్ ప్రాజెక్టు కార్బన్ నానోట్యూబులు. కంటికి ఆనని సన్నటి గొట్టాలు. గాజుపలక మీద పూస్తే ఒకదాని మీదొకటి పడి వల లెక్క అల్లుకుంటయి. ఆ వల నుంచి కరెంటు ఎంత పోతదో కొలవాలె, గంతే. గంత పనికే నా నెత్తి నెరిసింది. పల్చగ పూస్తే ట్యూబులు ఒకదానికొకటి తగలయి, కరెంటు పోదు. మందంగ పూస్తే పెచ్చులూడుతది. ఎన్నో పలకలు ఖరాబైనంక ఒక్కటి కుదిరింది. తెల్లారి మా గైడ్ సార్‌కు అది చూపిస్తే పాస్. లేకపోతే ఇంకో ఏడాది ఇదే గోస, కాలేజీల ఇస్తమన్న లెక్చరర్ నౌకరీ కూడ పాయె.

నేనుండేది గోదావరిఖనిల మా అక్క వాళ్ల క్వార్టర్ల. బావది బొగ్గు బాయిల డ్యూటీ. పలకను కిటికీల ఆరబెట్టి జర నడుం వాల్చిన. లేచేసరికి ఒళ్లంత చెమట. తువ్వాలతోని మొఖం తుడుసుకుంట కిటికీ కాడికి పోయిన. పలక మీద నల్లగ ఏదో ఉన్నది. ఊరంత బొగ్గు దుమ్మాయె, ఇక్కడ పుట్టినోళ్లకు నల్లగ కనబడితే చెయ్యి ఆగుతదా? కుర్చీ తుడిసి కూసుంటం, కంచం తుడిసి తింటం. గట్లనే గట్టిగ రుద్దిన. పలక తళతళ మెరిసింది. నాకు మస్తు ఖుషీ అయింది!

మీటరు పెట్టిన. ఏం రాలే. బ్యాటరీ మార్చిన, వైర్లు మార్చిన, మీటరు అమ్మినోన్ని తిట్టిన.

అక్క వచ్చి పలక దిక్కు చూసింది. "పొద్దుగాల నల్లగుండె గదా తమ్మీ, గింత సాఫ్ ఎట్లయింది?"

తువ్వాల చూసిన. నల్లటి మరక. ఏడుపొచ్చింది. ఏం తోచక మీటరు పిన్నులు ఆ మరక మీదనే పెట్టిన. నంబరు వచ్చింది! గాజు మీద పోయిన వల బట్ట మీద అల్లుకున్నదనుకున్న. ఆగబట్టక సార్‌కు ఫోన్ కొట్టిన, బట్ట మీద కరెంటు పోతున్నదని. కొత్త సంగతయ్యా, పొద్దున్నే తీసుకురా అన్నడు సార్.

ఫోన్ పెట్టేసినంక, ఫరక్ చూద్దామని పిన్నులు తువ్వాల తెల్లటి కొసకు పెట్టిన. అక్కడ కూడ అదే నంబరు. చెయ్యి పెట్టి చూస్తే తడి. నా చెమట.

పొద్దున తువ్వాల పట్టుకొని సార్ ముందట నిలబడ్డ. కరెంటు పోయింది ట్యూబులల్ల నుంచి కాదు సార్, చెమటల నుంచి అన్న. సార్ తువ్వాలను అటిటు తిప్పి చూసిండు. ఇంకో ఏడాది తప్పదన్నడు. మళ్ల ఏదో యాదికొచ్చినట్టు అడిగిండు.

"ఇంతకూ చెమట ఎవరిదయ్యా?"

"నాదే సార్."

ఇన్ని దినాలల్ల నేను కరెక్టుగ చెప్పిన రిజల్టు అదొక్కటే.