కుంకుడు రసంలో ఉన్ని బంతి

ఉన్నితో చుట్టిన బంతిని బ్యాట్లతో కొట్టుకునే ఆట ఒకటుందంటే మా మనవరాళ్లు నవ్వుతారు. చెమటలు కారే కర్నూలులో ఉన్నికేం పనని వాళ్ల అనుమానం. ఆ రోజుల్లో మావారి ఆఫీసు గుమస్తాలందరికీ ఆ బాల్ బ్యాడ్మింటనే ప్రాణం.

కర్నూలు రాజధాని అయిన కొత్తల్లో మావారికి అక్కడ ఉద్యోగం. ఊళ్లో ఇళ్లు చాలక కొత్త కాపురం గుడారంలో. మామ నందికొట్కూరులో సేద్యం చూసుకుంటుంటే, అత్త మాతో ఉండేది. సాయంత్రం కాగానే మగవాళ్లు ముగ్గుపిండితో గీతలు గీసి ఆటకు దిగేవాళ్లు. నేను లోపల బియ్యం ఏరుతూ, చప్పుడును బట్టే ఎవరి దెబ్బ తప్పిందో చెప్పగలిగేదాన్ని. కడప బడిలో నేనూ ఆడినదాన్నే. ఆ సంగతి అత్తగారింట ఎత్తనని మా అమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది. ఎగిరి గంతులేసే పిల్లని తెలిస్తే చులకన చేస్తారని ఆమె భయం. నాకేమో చేతులు ఊరికే దురదపెట్టేవి.

ఒకరోజు పక్క వరుస గుడారాల వాళ్లతో పోటీ. మావారికి శుభ్రం పిచ్చి. దుమ్ము పట్టి పసుపు బంతి కనబడటం లేదని, పొద్దున్నే వేడినీళ్లలో కుంకుడు రసం కలిపి దాన్ని పిసికి ఉతికారు. సాయంత్రానికి అది కుంచించుకుపోయి నిమ్మకాయంత అయింది. నాకు ఒళ్లు మండింది. కంబళ్లు కప్పుకుని పెరిగిన మనిషికి వేడినీళ్లకు ఉన్ని ముడుచుకుపోతుందని తెలియదా? పక్క వరుస వాళ్ల దగ్గరా లేదు, ఊళ్లోనూ ఇంకో బంతి దొరకలేదు. ఆయన తల పట్టుకుని కూర్చున్నారు.

బడిలో ఆడిన నా బంతి ఒకటి పెట్టె అడుగున, పెళ్లిచీర మడతలో ఉంది. తీస్తే గుట్టు బయటపడుతుంది. తీయకపోతే ఆయన ముఖం చూడలేను. చివరికి అత్త ఎదుటే తీసి ఇచ్చాను.

ఆయన ఎక్కడిదని కూడా అడగకుండా పరుగెత్తారు. అడిగింది అత్తే.

“యాడిదే అది?”

దాచలేక అంతా చెప్పేశాను. ఆమె గుడారం తెర దించి, నా పక్కన కూర్చుంది.

“నీ వయసులో నేను శానా చెడుగుడు ఆడినా. మీ మామకు ఈ పొద్దుకీ తెల్దు.”

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ పోటీలో మావాళ్లు ఓడిపోయారు. మర్నాడు తెల్లవారుతుండగా, మగవాళ్లింకా లేవకముందే, అత్త నన్ను తట్టి లేపింది. చేతిలో రెండు బ్యాట్లు. కచ్చ పోసుకుని గీత అవతల నిలబడింది. మొదటి బంతి నెమ్మదిగా వేశాను. ఆమె దాన్ని గుడారం మీదుగా అవతలికి కొట్టింది.