తిరిగి వచ్చుడంటే ఎక్కడికి?

2023 వేసవి. ఇబ్రహీంపట్నం బస్టాండుకు దగ్గర్లో, ఒక మందుల దుకాణం పై అంతస్తులో నా ఆఫీసు. అంతకుముందు చాలా ఏళ్లు ఇక్కడి ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఇంగ్లిష్ చెప్పాను. అది మానేసి, విదేశాల్లో చదువుకోవడానికి వెళ్లే పిల్లలకు సాయం చేసే పని పెట్టుకున్నాను. చుట్టూ కాలేజీలే కాబట్టి పనికి కొదవ లేదు. పిల్లలు ముఖ్యంగా మాక్ ఇంటర్వ్యూ కోసం వస్తారు. అంటే వీసా అధికారి అడగబోయే ప్రశ్నలు ముందుగా నేనే అడిగి, తడబడే చోట సరిదిద్దడం. అందరి ప్రశ్నలూ ఇంచుమించు ఒకటే, అందరి భయమూ ఒకటే. ఈ పనిలో కొత్తగా నేర్చుకునేది ఇంకేమీ లేదనుకునే రోజుల్లో మేఘన వచ్చింది.

ఆమెను తీసుకొచ్చింది సుజాత. బస్టాండు వెనక టైలరింగ్ షాపు ఆమెదే. ఆమె భర్త ఆదిభట్లలో కంపెనీ బస్సు నడుపుతాడు. మేఘన ఆమె అన్న కూతురు.

"మా అన్న బిడ్డ మేడం. అమెరికాకెల్లి వచ్చింది. మల్ల ఆడికే పోవాలె. వీసా ఇప్పియ్యాలె మీరు" అంది సుజాత, కుర్చీలో కూర్చోకముందే.

"వీసా ఇచ్చేది నేను కాదు సుజాతా. అక్కడి నుంచి వచ్చిన పిల్లకు మళ్లీ వీసా ఏమిటి?"

అప్పుడు ఆ అమ్మాయి చెప్పింది. నాలుగేళ్ల వయసులో అమ్మానాన్నలతో వెళ్లింది. తండ్రి సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఆయనది H-1B వర్క్ వీసా. భార్యకూ పిల్లకూ ఆయన మీద ఆధారపడిన H-4 డిపెండెంట్ వీసా. గ్రీన్ కార్డు, అంటే అక్కడే స్థిరంగా ఉండే హక్కు కోసం ఆయన ఎప్పుడో దరఖాస్తు పెట్టుకున్నాడు. కానీ ఇండియాలో పుట్టినవాళ్ల వరుస ఏళ్ల తరబడి కదలదు. ఆ వరుస కదిలేలోపు పిల్లకు ఇరవై ఒకటి నిండాయి. ఆ రోజుతో పిల్ల చట్టం దృష్టిలో పిల్ల కాదు, డిపెండెంట్ వీసా వర్తించదు. మా పనిలో దీన్ని ఏజింగ్ ఔట్ అంటారు. ఆ మాట నాకు తెలుసు. అలా అయిన మనిషిని చూడటం అదే మొదటిసారి.

స్టూడెంట్ వీసాలోకి మారడానికి అక్కడే అర్జీ పెట్టారట. అది తేలకముందే పుట్టినరోజు దాటిపోయింది. ఇండియాకు వెళ్లి, అక్కడ వీసా తీసుకుని కొన్ని వారాల్లో వచ్చేయమన్నాడు లాయరు. చేతి పెట్టె ఒక్కటి పట్టుకుని వచ్చింది. కాలేజీలో ఇంకా ఒక్క ఏడాది మిగిలి ఉంది. మాట సరిగా రాని పిల్లలకు మాట్లాడటం నేర్పే స్పీచ్ థెరపీ చదువు అది. ఆగస్టులో క్లాసులు మొదలు.

ఆమె తెలుగు విని ఆశ్చర్యపోయాను. ఒక్క అక్షరం చదవలేదు, కానీ మాట అచ్చంగా ఇబ్రహీంపట్నం మాట. ఇంట్లో అమ్మానాన్నలు మాట్లాడుకున్న తెలుగు అలాగే ఆమె నోట నిలిచిపోయింది. కిటికీలోంచి చూసి, "మొగులైంది, వాన పడేటట్టున్నది" అంది. నా దగ్గరికొచ్చే ఇంజినీరింగ్ పిల్లలైతే క్లైమేట్ బాగుంది మేడం అంటారు.

మాక్ ఇంటర్వ్యూ మొదలుపెట్టాను. యూనివర్సిటీ, కోర్సు, ఫీజు ఎవరు కడతారు. అన్నింటికీ చక్కగా చెప్పింది. తర్వాత అందరినీ అడిగే ప్రశ్నే అడిగాను. చదువు అయ్యాక ఇండియాకు తిరిగి వస్తావా?

ఆమె ఇంగ్లిష్ వదిలేసి, "మేడం, తిరిగి వచ్చుడంటే ఎక్కడికి? తిరిగి ఇంటికి పోదామనే కద నేను ఈ వీసా అడుగుతున్న?" అంది.

నా దగ్గర సిద్ధంగా ఉన్న జవాబులు ఏవీ ఆమెకు సరిపోవని అప్పుడు తెలిసింది. స్టూడెంట్ వీసా అడిగే ప్రతి ఒక్కరూ అక్కడే ఉండిపోవాలని చూస్తున్నారని ముందుగా అనుకోవడం అక్కడి చట్టం. కాదని చూపించాల్సింది మనం. దానికి టైస్ కావాలి. అంటే సొంత దేశంతో కట్టి ఉంచే బంధాలు. అమ్మానాన్నలు, ఇల్లు, భూమి, ఉద్యోగం. ఇవన్నీ వివరించాను.

"మన్నెగూడ కాడ మా అన్న పేరు మీద ప్లాటున్నది గద, గది చెప్పు బిడ్డా" అంది సుజాత.

"గా ప్లాటు నేను చూడనే లేదు అత్తమ్మా. ఎటు మొఖం ఉన్నదో తెల్వది. నా ఇల్లు గదే అని ఎట్ల చెప్తా?"

మర్నాడు సుజాత భర్త బండి మీద తీసుకెళ్లి చూపించాడట. తుమ్మ చెట్లు మొలిచిన ఖాళీ జాగా, హద్దురాళ్లు. "చూసిన మేడం. తూర్పు మొఖం. చెప్పుమంటే ఇప్పుడు చెప్పగలుగుత. కానీ నేనే నమ్మనిది ఆయన ఎట్ల నమ్ముతడు?" అని నవ్వింది. అబద్ధం చెప్పమని నేను ఎవరికీ చెప్పను. కానీ నిజం మొత్తం చెప్పాలా, అడిగినంతవరకే చెప్పాలా అన్న దగ్గర మా పని ఎప్పుడూ సన్నని గట్టు మీద నడకే. అడిగినదానికే జవాబు చెప్పు, ఏది చెప్పినా నిజమే చెప్పు అని పంపించాను.

జూలైలో ఇంటర్వ్యూ అయింది. వీసా రాలేదు. కుటుంబం ఎక్కడుందని అడిగారు, అక్కడే అని చెప్పింది. ఎక్కడ పెరిగావంటే అక్కడే అంది. ఇండియాతో బంధాలు చూపలేకపోయిందన్న కాగితం చేతికిచ్చారు. నేరుగా నా ఆఫీసుకే వచ్చింది. ఏడవలేదు.

"ఆయన మంచోడే మేడం. ఏ హైస్కూల్ల చదివినవ్ అని అడిగిండు. వాళ్ల చెల్లె ఆడ మా ఊరి పక్కనే ఉంటదట. సారీ అని కూడ అన్నడు" అంది.

సుజాతకే కోపం ఆగలేదు. "ఆడనే పెరిగిందని తెలిసి గూడ రానియ్యకపోతే ఎట్ల? ఈ పిల్లకు ఈడ ఎవరు ఎర్క? నాతోని మాట్లాడుడే మొన్నటిదాక ఫోన్ల."

రెండు రోజుల తర్వాత పొద్దున్నే మేఘన నా ఆఫీసులో ఉండగా ఆమె తండ్రి ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టాను.

"మేడం, రెండోసారి పోతే అయితదా? ఉన్నది ఉన్నట్టు చెప్పుండ్రి."

"నమ్మకంగా చెప్పలేనండి. ఆమె పరిస్థితిలో మారిందేమీ లేదు. మళ్లీ అదే ప్రశ్న వస్తుంది, మళ్లీ అదే జవాబు."

ఆయన, "అయితే మేమే వచ్చేస్తం. ఇల్లు అమ్మేస్త. పదిహేడేండ్లు ఉన్నం, ఇగ చాలు. పిల్లను ఒక్కదాన్ని ఆడ విడిచిపెట్టి మేము ఈడ ఏం తింటం?" అన్నాడు.

ఆ అమ్మాయి ఫోన్ దగ్గరికి వంగింది. అప్పటిదాకా ఎంత మెత్తగా మాట్లాడిందో, ఇప్పుడు అంత గట్టిగా మాట్లాడింది.

"వద్దు డాడీ. తమ్ముడు ఆడనే పుట్టిండు. వానికి గా స్కూలు, గా దోస్తులు తప్ప ఏం తెల్వది. వాన్ని ఈడికి తెస్తే వాడు గూడ నా లెక్కనే అయితడు. మన ఇంట్ల ఒక్కలం గిట్లయితే చాలదా?"

ఒకే ఇల్లు, ఒకే అమ్మానాన్న. తమ్ముడు అక్కడి పౌరుడు. అక్క ఇక్కడ పుట్టి, నాలుగేళ్లకు అక్కడికి వెళ్లింది. వాళ్లిద్దరి మధ్య ఉన్న తేడా అంతే. తండ్రి ఏడుస్తున్నట్టు తెలుస్తూనే ఉంది. నేను లేచి వరండాలోకి వెళ్లాను. కింద ఎల్బీనగర్ షేర్ ఆటోవాడు ఇంకొక్కరు ఇంకొక్కరు అని అరుస్తున్నాడు. లోపల వాళ్లు చాలాసేపు మాట్లాడుకున్నారు.

తిరిగి లోపలికి వెళ్లేసరికి ఆమె ముఖం కడుక్కుని కూర్చుంది. "మేడం, ఇంకో దేశం ఏదన్న చూడండ్రి. ఇంటికి జర దగ్గర ఉండాలె" అంది.

కెనడా చూశాం. నాలుగు యూనివర్సిటీలకు రాస్తే ఒకటి, అంతవరకు చదివిన చదువులో సగానికి పైగా లెక్కలోకి తీసుకుంటామంది. ఒక ఏడాది నష్టం. అక్కడ ఎదురుగా కూర్చుని జవాబు చెప్పే పని ఉండదు, ఎందుకు చదవాలనుకుంటున్నావో రాసి పంపాలి. నేను రాసిచ్చిన దాంట్లో పెద్ద పెద్ద మాటలన్నీ కొట్టేసి తన కథ తానే రాసుకుంది. అమెరికాలో పెరిగానని, అక్కడ ఉండటానికి వయసు అడ్డొచ్చిందని, మాట రాని పిల్లలతో పనిచేయడం తప్ప ఇంకేమీ చేయాలని లేదని. నేనైతే అంత నిజం రాసేదాన్ని కాదు.

జవాబు కోసం ఎదురుచూసిన ఆ నెలలన్నీ మేఘన సుజాత షాపులోనే ఉంది. హుక్కులు కుట్టడం నేర్చుకుంది. షాపుకు వచ్చే ఒకామె కొడుక్కి నాలుగేళ్లు, మాట రాలేదు. వాడిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, గుండీల డబ్బా ముందు పెట్టి, రోజూ ఆడించేది. ఒక రోజు వాడు నీలం గుండీ చూపించి "ఇయ్యి" అన్నాడు. ఆ తల్లి షాపులోనే నేలమీద కూలబడి ఏడ్చింది. ఆ సంగతి చెప్పడానికి మేఘన మెట్లెక్కి పరిగెత్తుకుంటూ వచ్చింది. ఆమె అంత సంతోషంగా ఉండటం నేను చూసింది ఆ ఒక్కసారే. అలాగే బస్సుల బోర్డులు చూసి తెలుగు చదవడం కూడా నేర్చుకుంది. తుర్కయాంజాల్ అన్న మాట చదవడానికి వారం పట్టిందని నవ్వింది.

కెనడా వీసా వచ్చింది. చలికాలంలో మేఘన వెళ్లింది. సుజాత విమానాశ్రయం దాకా వెళ్లి వచ్చి రెండు రోజులు షాపు తెరవలేదు.

మేఘన చేరిన ఊరు అమెరికా సరిహద్దుకు దగ్గర. అమ్మానాన్నల ఇంటి నుంచి కారులో ఒక పూట ప్రయాణం. అయినా వాళ్లు వెళ్లి చూడలేకపోయారు. వాళ్లు అక్కడ ఉండటానికి అనుమతి ఉంది కానీ, పాస్‌పోర్టు మీది వీసా ముద్రకు గడువు తీరింది. బయటికి వెళితే మళ్లీ ముద్ర పడేదాకా ఎక్కడ ఇరుక్కుంటామో అని భయం. ఒకరు ఇరుక్కున్న తర్వాత ఆ భయం ఇంకా పెరుగుతుంది కదా. ఆ ఇంట్లో భయం లేకుండా అటూ ఇటూ తిరగగలిగేది తమ్ముడొక్కడే. తెలిసిన కుటుంబం వాళ్లు వెళ్తుంటే వాళ్లతో పాటు పంపించారు. ఇద్దరూ మంచులో నిలబడ్డ ఫొటో మేఘన నాకు పంపింది. వాడు అప్పటికే అక్క కంటే పొడుగయ్యాడు.

ఈ కేసు తర్వాత నా పని కొద్దిగా మారింది. ఇల్లంటే పుట్టిన చోటా, పెరిగిన చోటా? రెండూ ఒకటే అయినవాళ్లకు ఆ ప్రశ్న ఎదురుకాదు. వేరైనవాళ్లకు నా దగ్గర జవాబు లేదు. జవాబు లేదని ముందే చెప్పడం మాత్రం నా చేతిలో ఉంది. అందుకే కుటుంబంతో వెళ్లేవాళ్లు డిపెండెంట్ వీసా కాగితాల కోసం వస్తే, ముందు పిల్లల వయసు అడుగుతాను. ఇరవై ఒకటి గురించి చెబుతాను. ఆ వరుస ఎంత పొడుగో, పిల్లలు ఎంత తొందరగా పెరుగుతారో చెబుతాను. వెళ్లొద్దని అనను. తెలిసి వెళ్లమంటాను.

మొన్న తుర్కయాంజాల్ నుంచి ఒక జంట వచ్చారు. అతనికి అక్కడ ఉద్యోగం వచ్చింది. ఆమె ఒళ్లో ఉన్న పాప నా టేబుల్ మీది పెన్ను అందుకోవాలని చేతులు చాపుతోంది. నేను చెప్పిందంతా ఇద్దరూ ఓపిగ్గా విన్నారు. తర్వాత ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు.

"ఇంక ఇరవై ఏండ్లున్నది కద మేడం" అంది ఆ తల్లి, పాప వేళ్లను మెల్లగా వెనక్కి తీసుకుంటూ.