పసుపు బొట్టున్న నార్వాల్ దంతం

ఈ ఉదయం అతిథులు కూర్చునే మజ్లిస్ పక్క గదిలోకి పొడవాటి చెక్క పెట్టెలు వచ్చాయి. వాటి వెంట తెల్ల గ్లౌజులు తొడుక్కున్న మనుషులు, వాళ్ళ మీద పెత్తనానికి ఒక సూపర్‌వైజరు. మా యజమాని పెద్దకొడుకు గుమ్మంలో నిలబడి, చెవి దగ్గర ఫోన్ తియ్యకుండానే, ఆఖరిసారి దుమ్ము దులిపెయ్యమని నాకు చేత్తో సైగ చేశాడు. సలుపుతున్న మోకాళ్ళతో, బ్రష్షు పట్టుకుని ఆ దంతాల ముందు నిలబడేసరికి ఒళ్ళంతా నీరసం కమ్మేసింది. పని చేసి అలిసిపోవడం వేరు, ఇక ఆ పని లేదని తెలిశాక వచ్చే అలసట వేరు. మన వయసు వాళ్ళకు ఈ తేడా విడమర్చి చెప్పక్కర్లేదు.

గల్ఫ్‌లో ఉమ్ సలాల్ అనే ఊళ్ళోని ఈ ఇంటికి ముందు వచ్చింది మా ఆయన, హౌస్ డ్రైవరుగా. తర్వాత అదే ఇంటి వీసా మీద కోనసీమ నుంచి నన్నూ రప్పించుకున్నాడు. యజమానిని ఇంట్లో పనివాళ్ళమంతా బాబా అనే పిలిచేవాళ్ళం. ఇక్కడి పెద్దవాళ్ళలో డేగలు పెంచేవాళ్ళున్నారు, పాత కార్లు పోగేసేవాళ్ళున్నారు, కానీ మా బాబాకి పట్టిన పిచ్చి మాత్రం నార్వాల్ దంతాలది. మంచు సముద్రాల్లో తిరిగే ఒక రకం తిమింగలమట అది, మగదానికి పై పెదవిని చీల్చుకుని ఒకే ఒక్క పన్ను ముందుకు పొడుచుకొచ్చి, తాడు పేనినట్టు మెలికలు తిరుగుతూ మనిషిని మించిన పొడవు పెరుగుతుందట. చలిదేశాల్లో పాత కుటుంబాలవాళ్ళు అమ్ముకునేవి, కాగితాలు సరిగ్గా ఉన్నవి, ఏళ్ళ తరబడి వెతికి తెప్పించి, నీలం గోడల గదిలో స్టాండ్లకు నిలబెట్టించాడాయన. ఇసుక దేశంలో మంచు దేశపు పళ్ళేమిటో, ఆ మోజేమిటో, మొదట్లో నాకు నవ్వొచ్చేది.

ఆ గది డ్యూటీ నాకే పడింది. ఏసీ గాలికి దంతం ఎండిపోయి పగులుతుందని గాలిలోకి చెమ్మ వదిలే మిషన్ ఒకటి పెట్టారు. పొద్దున్నే దానిలో నీళ్ళు పొయ్యాలి, తర్వాత మెత్తటి బ్రష్షుతో దంతం మెలికల గాడి వెంబడే కింద నుంచి పైదాకా దుమ్ము తియ్యాలి, తడిగుడ్డ మాత్రం తగలనివ్వకూడదు. ఆ గాడి పైకెక్కే తీరు ప్రతి దంతానికీ ఒకటే, మనం గుడి చుట్టూ ప్రదక్షిణం చేసే దిక్కే. అది కనిపెట్టిన రోజు నుంచి నాకు ఆ గదిలో నవ్వు రావడం మానేసింది. ఊరికి ఫోన్ చేసినప్పుడు గల్ఫంతా దుబాయే అనుకునే మా వదిన, దుబాయిలో ఏం పనే నీది అంటే, పళ్ళు తోముతున్నానని చెప్పాను. పాపం ఎవరో మంచాన పడ్డ ముసలమ్మకు చాకిరీ చేస్తున్నాననుకుని చాలాకాలం జాలిపడింది వెర్రి మాలోకం.

దసరాకి మా ఆయన బండికి పూజ చెయ్యకుండా ఉండేవాడు కాదు. ఫరీజ్ బిన్ మహమూద్ పేటలో మనవాళ్ళ కొట్టు నుంచి పసుపూ కుంకుమా తెచ్చి, షెడ్డులో కారు కడిగి, బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించేవాడు. బాబా చూసీ చూడనట్టు పోయేవాడు. ఒక దసరాకి, నేను వంటింట్లో ఉండగా, ఆ పసుపు గిన్నెతోనే దంతాల గదిలోకి నడిచి, అన్నిటికన్నా పొడవైన దంతానికి బొటనవేలితో ఇంత బొట్టు పెట్టేశాడు మహానుభావుడు. నేను చూసి గొల్లుమంటే, "ఏటే ఆ గోల? నాకు బండి కూడెట్టినట్టు నీకిదే గదా కూడెడతంది. బొట్టెడితే తప్పేటి?" అన్నాడు.

తప్పేమిటో నాకు తెలుసు. పొడిగుడ్డతో మెల్లిగా అద్దితే మరక ఇంకా లోపలికే దిగింది. దంతానికి కళ్ళకు కనపడని సన్న రంధ్రాలుంటాయట, పసుపు వాటిలోకి ఇంకిపోయింది. ఇద్దరివీ ఒకే ఇంటి వీసాలు, బాబా కోప్పడి క్యాన్సిల్ అన్నాడంటే ఇద్దరమూ ఒకే విమానంలో ఇంటిదారి పట్టాల్సిందే. ఆ పూట నాకు అన్నం సయించలేదు. ఈయన మాత్రం, ఏదైతే అదవుద్దిలే అంటూ శుభ్రంగా పులిహోర తిన్నాడు.

బాబా వచ్చాడు, చూశాడు, ముఖం నల్లబడింది. ఎందుకు చేశావన్నాడు. మా ఆయనకు ఇన్నేళ్ళలో వచ్చిన అరబ్బీ వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. దంతాన్ని చూపించి, నన్ను చూపించి, "హాదా సయ్యారా మాల్ మదామ్" అన్నాడు. ఇది మా ఆవిడ బండి, అని. బాబా పొట్ట పట్టుకుని దగ్గు వచ్చేదాకా నవ్వాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. పసుపు మరక ఎండకు పెడితే వెలిసిపోతుందని, మన ఆడవాళ్ళందరికీ తెలిసిన వైద్యం నేను చెప్పబోతే, ఎండకు పన్ను పగులుతుందని ఒప్పుకోలేదు. పైగా వెలుగుకు బొట్టు వెలిసిపోకుండా ఆ దంతం మీది లైటు కూడా తీయించేశాడు. "ఖల్లీ," ఉండనీ అన్నాడు. ఆ తర్వాత ఎవరికి చూపించినా, ఇది మా డ్రైవర్ భార్య కారు అని పరిచయం చేసేవాడు.

కొన్నేళ్ళకు మా ఆయన ఇక్కడే గుండె ఆగి పోయాడు. ఆయన ఇంటికి వెళ్ళిందీ ఇలాంటి చెక్క పెట్టెలోనే. దినాలయ్యాక ఎందుకు తిరిగెళ్ళావని ఊళ్ళో ఇప్పటికీ అడుగుతారు. ఏం చెప్పను? నడిపిన బండ్లు మారిపోయాయి, పడుకున్న గదికి సున్నం వేశారు, ఆయన వేలి గుర్తు మాత్రం ఈ దేశంలో ఒక్క చోటే మిగిలింది. రోజూ పొద్దున్నే దాని చుట్టూ బ్రష్షు తిప్పేదాన్ని, దాని మీద మాత్రం తిప్పేదాన్ని కాదు. మొన్న చలికాలంలో బాబా కూడా పోయాడు.

దంతాలన్నీ బాబా పిల్లలు పరదేశంలో ఎవరికో ఇచ్చేశారట. సూపర్‌వైజరు పొడవైన దాని దగ్గర ఆగి, ఈ మరక అక్కడికి వెళ్ళాక మందు పెట్టి తీసేస్తారు, మాఫీ ముష్కిల్, ఏం ఫర్వాలేదు అన్నాడు. ఈ ఇంట్లో నేను దేనికీ ఎదురు మాట్లాడి ఎరగను. ఇవాళ పెద్దబ్బాయి దగ్గరికి వెళ్ళి, అది తీయొద్దని చెప్పు బాబూ అన్నాను. ఎందుకన్నాడు. అతను ఆ రోజుల్లో బయటి దేశంలో చదువుకుంటూ ఉండేవాడు, ఏ కథా ఎరగడు. నాకు ఏడుపొచ్చేసింది, "హాదా సయ్యారా మాల్ అనా," ఇది నా బండి, అని మాత్రం అనగలిగాను. జాలిగా చూసి, "ఇన్షా అల్లా, చెబుతాను" అని మళ్ళీ ఫోన్ ఎత్తాడు.

బాబా ఇన్షా అల్లా అంటే ఆ పని అయిపోయినట్టే ఉండేది. ఇప్పటివాళ్ళు ఆ మాటతోనే మనల్ని మెల్లిగా గుమ్మం దాకా సాగనంపుతారు. తప్పు పట్టను, పాపం వాళ్ళకు తీరికేదీ? ఈ మధ్య డ్రైవర్ కుర్రాళ్ళూ దసరాకి బండి ఫొటోకే ఫోన్లో బొట్టు పెట్టి పంపుకుంటున్నారు. మరక పడుతుందన్న భయం ఎవరికీ లేదు.

పెట్టెలో పెట్టేముందు ఆ బొట్టు మీద నా బొటనవేలు ఆనించాను. నా వేలు చిన్నది, చుట్టూ ఇంకా కాస్త పసుపు కనిపించింది. మధ్యాహ్నానికి గది ఖాళీ అయింది. చెమ్మ మిషన్ మాత్రం మూలన తిరుగుతూనే ఉంది, ఆపమని నాకెవరూ చెప్పలేదు. దానిలో నీళ్ళు పోసి వచ్చాను.