గోట్లో దారప్పోగు

వానాకాలం వచ్చిందంటే జనం ఇళ్లలోకి, మేకులు రోడ్ల మీదికి. ఏడాదంతా ఎక్కడ దాక్కుంటాయో ఏమో, కాలవ పొంగగానే తగుదునమ్మా అంటూ నడివీధికి కొట్టుకొస్తాయి. పైగా తడిసిన రబ్బరుకు చిన్న గాజుపెంకు చాలు, ఇట్టే కోసేస్తుంది.

ముప్పయ్యేళ్లుగా పంక్చర్లు వేస్తున్న గాలి బాబాయ్‌కి ఇదంతా కంఠతా వచ్చు. ఆయన అసలు పేరు భార్య కూడా మరిచిపోయిందని పేటలో నవ్వుకుంటారు. ఐదు రోజులుగా వదలని ముసురు. ఆ పొద్దుట్నుంచి పదకొండు చక్రాలు విప్పాడు పాపం, నడుం విరిగిపోతోంది. పన్నెండోది ఓ మాస్టారి కారుది. కంటి ఆపరేషన్ కోసం తల్లిని పొరుగూరి ఆసుపత్రికి తీసుకెళ్తున్నాడు.

బాబాయ్ మేకు పీకి, చిల్లులో రబ్బరు పుల్ల దూర్చి, టైరుకు కారు వైపుండే పక్కన చెయ్యి తిప్పాడు. బొటనవేలికి చీలిక తగిలింది. పైపైదేలే, ఇప్పుడు ఇదంతా ఎవరు చెప్పాలి, స్టెప్నీ ఎవరు ఎక్కించాలి అనుకుని చక్రం బిగించేశాడు.

"అంతా బానే ఉందా బాబాయ్?"

"బ్రహ్మాండంగా ఉందండి."

కారు వెళ్లాక చేతులు కడుక్కుంటుంటే గోట్లో తెల్లటి దారప్పోగు కనబడింది. అది టైరు రబ్బరు లోపలుండే దారాల అల్లికలోది. అంటే చీలిక లోతుకు దిగింది. కారు వేగం అందుకుంటే టైరు పేలిపోతుంది. జాకీ, పానా స్కూటరు మీద పడేసుకుని బయల్దేరాడు.

అదృష్టం బాగుండి వంతెన దగ్గర నీళ్లు నిలిచి బళ్లన్నీ ఆగిపోయాయి. వెళ్లి కారు అద్దం మీద కొట్టాడు.

"దిగండి సార్. ఆ టైరుతో పోవద్దు."

"ఇందాకేగా బ్రహ్మాండమన్నావు! ఆటలుగా ఉందా?"

బాబాయ్ నీళ్లలో మోకాళ్లూని స్టెప్నీ బిగించాడు. విప్పిన టైరులో గాలి తీసి, చీలికలో బొటనవేలు పెట్టి నొక్కాడు. వేలు సగందాకా దిగిపోయింది. మాస్టారి మొహాన కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు.

"ముందే చూళ్లేదా నువ్వు?"

"చూశానండి. ఓపిక లేక వదిలేశాను."

మాస్టారు తిట్టబోయి, కారులో ఉన్న తల్లి వైపు చూసి, ఏమీ అనకుండా స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఆ తిట్లేవో తిట్టేసినా బాగుండేదనిపించింది బాబాయ్‌కి.

తిరిగొచ్చేసరికి కొట్టు ముందు మూడు కార్లు ఉన్నాయి.

"ఎక్కడికి పోయావయ్యా? త్వరగా కానియ్!"

"ఇంకో కొట్టు చూసుకోండి బాబూ. ఇవాళ నా చేతుల మీద నాకే నమ్మకం లేదు," అని మిట్టమధ్యాహ్నం షట్టరు దించేశాడు.