నాలుగు రకాల టమాటా, ఒక మొండి ముక్కు

ఆ బస్ డిపో క్యాంటీన్‌లో పద్దెనిమిదేళ్ళుగా పొయ్యి ముందు నిలబడ్డ ఆవిడను అందరూ ఘుమఘుమక్క అనేవారు. ఆవిడ వంట ఘుమఘుమలాడే మాట నిజమే గానీ, ఆ పేరు వచ్చింది ఆవిడ ముక్కు వల్ల. వెనక గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతూనే, "ఎవరే అక్కడ? ఉల్లిపాయలు అడుగంటబోతున్నాయి, మంట తగ్గించు" అని కేకేసేది. కూరలో ఏం తక్కువైందో రుచి చూడకుండా, మూత తీసి ఒక్కసారి గాలి పీల్చి చెప్పేది. ముక్కుసూటి మనిషి అని చాలామందిని అంటాం. ఆవిడ మాత్రం నిజంగానే ముక్కు చూపిన దారిన నడిచింది.

ఒక జ్వరం వచ్చింది. వారం రోజులు ఒళ్ళు కాలిపోయింది, తర్వాత తగ్గింది. ఎనిమిదో రోజు పొద్దున లేచి, ఇంట్లోవాళ్ళకి గుడ్ల కూర చేద్దామని బాణలి పెట్టి, ఉల్లిపాయలు వేసి, పక్కకు తిరిగి గుడ్ల పెంకులు తీస్తోంది. పై డాబా మీద మొక్కలకు నీళ్ళు పోస్తున్న అత్తగారు అక్కడినుంచే అరిచింది.

"ఏమిటే అమ్మాయ్, ఇల్లు తగలబెడుతున్నావా?"

తిరిగి చూసేసరికి బాణలి నిండా నల్లటి పొగ. ఆవిడకు కళ్ళు మండాయి గానీ, ముక్కుకు ఏమీ తెలియలేదు. కాఫీ డబ్బా మూత తీసి వాసన చూసింది. సబ్బు చూసింది. చివరకు భర్త టైర్ల షెడ్డులో వేసుకునే చొక్కా తీసి మొహానికి అద్దుకుంది. రబ్బరూ గ్రీజూ చెమటా కలిసిన ఆ చొక్కా, ఉతికిన దుప్పటి లాగే ఉంది.

"నా ముక్కు పోయిందండీ," అంది భర్తతో.

"ఉందిగా," అన్నాడాయన, అమాయకంగా మొహంలోకి చూస్తూ.

డాక్టర్ ఏ ఆశా పెట్టలేదు, ఏ ఆశా తీసెయ్యలేదు. "రావచ్చు, రాకపోవచ్చు. ఘాటైన వాసనలు నాలుగు ఎంచుకోండి. పొద్దునా సాయంత్రమూ పీల్చండి. పీలుస్తూ ఆ వాసన ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోండి. నెలలు పడుతుంది, విసుక్కోకూడదు," అన్నాడు.

క్యాంటీన్‌కు వెళ్ళిన మూడో రోజున ఆవిడ గుట్టు బయటపడింది. పులిసిన పాలు వాసన తెలియక టీలో పోసింది. అరవై గ్లాసుల టీ కాలవ పాలైంది. మేనేజరు మంచివాడే. తలుపు దగ్గరగా వేసి నెమ్మదిగా చెప్పాడు.

"అక్కా, కొన్నాళ్ళు కూరగాయలు తరిగే బల్ల దగ్గరుండు. పొయ్యి కొత్తమ్మాయి చూసుకుంటుంది."

"కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళు సార్?"

"నీ ఒంట్లో బాగయ్యేదాకా."

"అలా వద్దు సార్. నాలుగు నెలలు ఇవ్వండి. ఆ రోజు నేను వండుతాను, మీరు తినండి. బాగా లేకపోతే ఆ బల్ల దగ్గరే రిటైరవుతాను, మళ్ళీ నోరెత్తను."

ఆవిడ అంత గట్టిగా అడిగేసరికి ఆయన తలూపాడు.

ఇంటికి వస్తే అత్తగారు ఓదార్చే రకం కాదు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో కోడలి వంటను ఆవిడ ఒక్కసారైనా బాగుందన్న పాపాన పోలేదు. బాగుంటే మాట్లాడకుండా తినేది, బాగా లేకపోతే ఊరంతా వినేలా చెప్పేది. ఆవిడ ప్రాణమంతా డాబా మీద పన్నెండు రంగు డబ్బాల్లో పెంచే టమాటా మొక్కల మీదే. బజారు టమాటా ఆవిడకు కంట్లో నలుసు. "గోడకేసి కొడితే బంతిలా తిరిగొస్తుంది. దాన్ని కోసేది కత్తి కాదే, రంపం," అనేది. తన విత్తనాలు తనే తీసి, పాత పేపరు మీద ఆరబెట్టి, పొట్లాలు కట్టుకునేది. ఉన్నవి నాలుగు రకాలు, నాలుగింటికీ పేర్లు కూడా తనే పెట్టుకుంది. చీర కుచ్చిళ్ళలా మడతలు పడ్డ పుల్లటిది ముడతలమ్మ. నోట్లో వేసుకుంటే తేనె బొట్టులా పగిలే చిన్నది పసుపు గోళీ. కాడ చుట్టూ నల్లగా, పొగ తగిలిన రుచితో ఉండేది నల్లభుజం. అరచేతిలో పట్టనంత లావుగా, గింజలు తక్కువై కండ ఎక్కువైనది బొద్దమ్మ.

కోడలు ఆ సాయంత్రం డాబా ఎక్కి విషయం చెప్పింది. నాలుగు ఘాటైన వాసనలు కావాలంది.

ముసలావిడ ఒక ఆకు తుంచి, వేళ్ళ మధ్య నలిపి, కోడలి ముక్కు కింద పెట్టింది. "ఇంతకంటే ఘాటైంది ఈ ఇంట్లో లేదు, నా నోరు తప్ప. పీల్చు."

పీల్చింది. ఏమీ లేదు.

"రేపు మళ్ళీ పీల్చు," అంది అత్తగారు, నీళ్ళ చెంబు అందుకుంటూ.

మరునాటి నుంచి పాఠం మొదలైంది. పొద్దున ఆరింటికి కోడలు స్టూలు మీద కూర్చుంటే, కళ్ళకు తువ్వాలు కట్టి అత్తగారు ఒక్కొక్కటే ముక్కు కింద పెట్టేది: నలిపిన ఆకు, తెగిన కాడ, కోసిన పండు, పెనం మీద కాల్చిన తొక్క. కాలేజీకి వెళ్ళేలోపు మనవరాలు నోట్‌బుక్‌లో రాసుకునేది. ఆకు: సున్నా. కాడ: సున్నా. పండు: సున్నా. నెల తిరిగేసరికి ఆ పేజీల నిండా సున్నాలే.

"అమ్మా, నా లెక్కల పేపరు కూడా ఇంత ఘోరంగా లేదే," అంది కూతురు ఒకనాడు. నవ్వకూడదనుకుంటూనే ముగ్గురూ నవ్వారు.

కానీ ఆ నెల ఉత్తినే పోలేదు. ముక్కు పోయినా నాలుక మిగిలిందని ఆవిడ కనిపెట్టింది. పులుపు, తీపి, ఉప్పు, చేదు తెలుస్తున్నాయి. ముడతలమ్మ దవడల కింద పట్టేస్తుంది. గోళీ నాలుక కొసన ఆగుతుంది. ఇన్నాళ్ళూ వాసన ముందుకొచ్చి మాట్లాడుతుంటే వెనక నిలబడ్డ ఈ చిన్న చిన్న గొంతులు తనకు వినపడనే లేదు. ఒట్టి ముడతలమ్మతో వండితే కూర కరుస్తోంది. ఒట్టి బొద్దమ్మతో వండితే చప్పగా కూలబడుతోంది. రెండు ముడతలమ్మలకు ఒక బొద్దమ్మ చేర్చి, దించే ముందు గోళీలు చీరి వేస్తే, ఇంట్లోవాళ్ళు గిన్నె అడుగు దాకా గీకుతున్నారు.

చెవిని కూడా పనిలో పెట్టింది. ఉల్లిపాయలో నీరు ఉన్నంతసేపు బాణలి గోల చేస్తుంది. నీరు ఇంకగానే గొంతు తగ్గుతుంది. అప్పుడే టమాటా పడాలి. గుజ్జు మొదట బుడబుడమని, తర్వాత బరువుగా తుపుక్కుమంటుంది. నూనె అంచుల దగ్గర తేలిందంటే ఉడికినట్టు. మూడుసార్లు మాడ్చింది, నాలుగోసారి నుంచి మాడలేదు. భర్త ఏం పెట్టినా తిని, "పర్లేదు" అనేవాడు. ఆయన పర్లేదుల్లో ఎన్ని రకాలున్నాయో కనిపెట్టడం ఆవిడకు ఇంకో చదువైంది.

మూడో నెలలో వాసన వచ్చింది. వచ్చినందుకు ఏడవాల్సి వచ్చింది. కోసిన టమాటా కుళ్ళిన గుడ్డులా కొట్టింది. ఉల్లిపాయ వేగుతుంటే కాలిన రబ్బరు. కాఫీ దగ్గర నిలబడలేకపోయింది. తిన్నది కక్కుకుంది. నాలుగు రోజులు అన్నం, పెరుగు తప్ప ముట్టలేదు. అయిదో రోజు డాబా ఎక్కలేదు. పరుపు మీద గోడవైపు తిరిగి పడుకుంది.

అత్తగారు మోకాళ్ళు పట్టుకుంటూ తనే కిందికి దిగి వచ్చింది.

"లే."

"నావల్ల కాదత్తయ్యా. వాసన లేనప్పుడే నయం. ఇప్పుడు మీ టమాటాలన్నీ నాకు శవాల్లా ఉన్నాయి."

"ఉండనీ. ఇన్నాళ్ళూ మూసుకున్న తలుపే అది. ఇవాళ తెరుచుకుంది. ముందు దొంగ దూరాడు, అంతే. ఇంటాయన రాడా?" అంది ముసలావిడ. కొంచెం తగ్గిన గొంతుతో, "అయినా ముక్కు మీద కోపం తప్ప ముక్కులో ఏమీ లేనప్పుడు కూడా నువ్వు మానలేదు కదే. ఇప్పుడు మానితే నా మొక్కలకు సిగ్గు," అంది.

కోడలు లేచింది. తువ్వాలు తనే కట్టుకుంది.

నోట్‌బుక్‌లో సున్నాలు పోయి తిట్లు మొదలయ్యాయి. ఆకు: పాత చెప్పు. కాడ: కిరసనాయిలు. పండు: చెప్పలేను. పద్దెనిమిది రోజులు అలాగే రాసుకున్నారు. పంతొమ్మిదో రోజు ఆకు నలిపి పెడితే ఆవిడ ఒకసారి పీల్చింది. మళ్ళీ పీల్చింది.

"చిన్నప్పుడు మా పెరట్లో చేతులకు అంటుకునే పసుపుపచ్చ జిగురు," అంది నెమ్మదిగా. "ఇది ఆకే. టమాటా ఆకే."

కూతురు ఆ మాటలు రాసి, కింద గీత గీసింది. అత్తగారు ఇంకో ఆకు తుంచడానికి అటు తిరిగి, చాలాసేపు ఇటు తిరగలేదు.

గడువు రోజుకు నల్లభుజం, ఆకు మాత్రమే నమ్మకంగా తెలుస్తున్నాయి. ఉల్లిపాయ ఇంకా సగం రబ్బరే. అయినా వాయిదా అడగలేదు. భర్త సైకిల్‌కు రెండు సంచులు వేలాడదీసుకుని వెళ్ళింది. అరవై మందికి డాబా మీది పండ్లు చాలవు కనుక, ముప్పాతిక వంతు బజారు టమాటా తీసుకుని, దాన్ని సగం ఉడికాక తనవాటితో కలపాలని ముందే లెక్క వేసుకుంది.

పొయ్యి ముందు నిలబడగానే ఒకప్పుడైతే ఎన్నడూ అనని మాట కొత్తమ్మాయితో అంది.

"నువ్వు నా పక్కనే ఉండమ్మా. పాలు నువ్వు వాసన చూసి ఇవ్వాలి. ఎక్కడైనా మాడువాసన వస్తే మొహమాటపడకుండా అరిచి చెప్పు. మిగతాది నేను చూసుకుంటా."

"అదేంటక్కా, నన్ను అడుగుతున్నారు?"

"లేనిది ఉన్నట్టు నటిస్తే అరవై మంది ఆకలితో పోతారు. అడిగితే నాకేం అరిగిపోదు."

బాణలి గోల తగ్గేదాకా చెవి ఒగ్గి నిలబడింది. గుజ్జు బరువెక్కాక మంట తగ్గించింది. నాలుక మీద మూడుసార్లు చూసి, చివరలో గోళీలు చీరి వేసింది. పన్నెండున్నరకు మొదటి బస్సుల వాళ్ళు వచ్చారు. ఆవిడ వడ్డించే కిటికీ వెనక గరిటె పట్టుకుని వాళ్ళ మొహాలు చూస్తూ నిలబడింది. ఎవరూ ఏమీ అనలేదు. చప్పుడు చెయ్యకుండా తిన్నారు. ఒక పెద్ద వయసు కండక్టరు రొట్టె ముక్కతో పళ్ళెం తుడిచి, కిటికీ దగ్గరకొచ్చి, "ఇంకా ఉందా?" అన్నాడు. మేనేజరు తన పళ్ళెం తనే కడుక్కుంటూ, "రేపు ఏం వండుతున్నావక్కా?" అని అడిగాడు.

పొయ్యి తిరిగి ఆవిడదైంది. ముక్కు పూర్తిగా తిరిగి రాలేదు. కాఫీ ఇప్పటికీ వేడినీళ్ళే. పాలు ఇప్పటికీ కొత్తమ్మాయే చూస్తుంది.

మరుసటి ఏడు ముసలావిడకు మెట్లెక్కడం కష్టమైంది. అప్పుడు కోడలు మేనేజరును ఒప్పించింది. టైర్ల షెడ్డులో పారేసిన పాత టైర్లను భర్త చేత క్యాంటీన్ వెనక వరసగా పరిపించి, మట్టి నింపించి, నాలుగు రకాలూ నాటింది. కాపు వచ్చాక అత్తగారిని ఆటోలో తీసుకొచ్చింది. ఆవిడ కర్ర ఊతంతో వరసంతా తిరిగి, నీళ్ళు ఎక్కువైపోయాయని, కర్రలు వంకరగా పాతారని, బొద్దమ్మను ఎండలో పెట్టినవాడెవడని అందరినీ కడిగేసింది. తర్వాత డ్రైవర్ల మధ్య బల్ల మీద కూర్చుని భోంచేసింది. మొదటిసారి వడ్డించింది అయిపోయింది. ఏమీ అనకుండా పళ్ళెం కోడలి వైపు జరిపింది.

కోడలూ ఏమీ అనకుండా ఇంకో రెండు గరిటెలు వేసింది.