చప్పుడు పోయిన కారు

మా పాత కారు సిగ్నల్ దగ్గర ఆగినా, మలుపులో నెమ్మదించినా చాలు, చలిజ్వరం వచ్చినట్టు వణుకుతూ దడదడా చప్పుడు చేసేది. ప్లగ్గులు మార్పించాను, ఇంజెక్టర్లు కడిగించాను. వణుకు తగ్గలేదు. ఈ రోజు పూర్ణా మార్కెట్ వెనక షెడ్డులో మెకానిక్ రహీం, ఇంజన్ ఆపకుండా గొట్టాల మీద ఒక్కోచోటే క్లీనర్ స్ప్రే చేస్తూ పోయాడు. ఒకచోట కొట్టగానే ఇంజన్ శబ్దం మారింది.

“ఈ రబ్బరు గొట్టం పగిలిపోయింది బావా. ఇక్కడ్నించే గాలి లాగేత్తంది.”

కొత్త గొట్టం వేశాక వణుకూ, చప్పుడూ పోయాయి. సంబరంగా ఇంటికొచ్చాను. రోజూ నేను వచ్చేసరికి మా ఆవిడ మేరీ టీ పొయ్యి మీద పెట్టేసి ఉంటుంది. ఈ రోజు పెట్టలేదు సరికదా, నన్ను చూసి ఉలిక్కిపడింది.

“కారేటి, ఎక్కడ ఒగ్గేసొచ్చావ్?”

బయటికి తీసుకెళ్లి, స్టార్ట్ చేసి చూపించాను. బానెట్ మీద చెయ్యి పెట్టి కాసేపు వింది.

“బాగానే ఉంది. సందు మలుపులో దీని సప్పుడు వినే కదా నాను టీ పెడతాను. ఇంక నువ్వొత్తన్నావని నాకెలాగ తెలుస్తాది?”

నేను రోజూ తిట్టుకున్న ఆ చప్పుడు కోసమే ఇంట్లో ఒక మనిషి చెవి పెట్టుకుని ఉంటోందని నాకు తెలియదు. మీ ఇంట్లో మిమ్మల్ని ఏ చప్పుడుతో గుర్తుపడతారో, దాన్ని బాగుచేయించే ముందు ఒకసారి అడిగి చూడండి.