నాయిన కాళ్లు కాలిన సంగతి

నాయిన తన కాళ్లు తానే కాల్చుకున్నాడని శామీర్‌పేటలో చుట్టాలందరికీ చెప్పింది నేనే. అది అబద్ధం.

ఆ చలికాలం ఆయన చేతులు, పాదాలు ఎప్పుడు ముట్టుకున్నా చల్లగా ఉండేవి. షుగర్ ఉంది, డాక్టరుకు చూపించమని అక్క పోరుతున్నా, ద్రాక్షతోట పని ఉందని నేను వాయిదా వేశాను. ఒక పొద్దున ఇటుకను పొయ్యిలో కాల్చి, తువ్వాలు చుట్టి ఆయన పాదాల కింద పెట్టాను.

"ఎచ్చగైందా నాయినా?"

"ఏడరా, సల్లగనే ఉంది. గీ ఇటుక కంటే మీ అమ్మ తిట్లే నయం, జర వేడన్న పుడ్తది."

నవ్వి, తువ్వాలు ఒక మడత విప్పాను. మళ్లీ చల్లగానే ఉందన్నాడు. మొత్తం తీసేశాను. కాసేపటికి కమురు వాసన వచ్చింది. నాయిన నింపాదిగా చాయ్ తాగుతూనే ఉన్నాడు. ఇటుక లాగితే వేళ్ల కింది తోలు దానికి అంటుకుని వచ్చింది.

"స్పర్శ పోయిన కాళ్లకు వేడి తెలుస్తుందా? మేజోళ్లు తొడగాలి, షుగర్ తగ్గించాలి" అని మేడ్చల్ డాక్టరు కసిరాడు. ఒక కాలు దక్కుతుందో లేదో చెప్పలేనన్నాడు.

అక్క పరుగున వచ్చి, ఎట్లైందని అడిగింది. "నాయినే ఇటుక మీద కాళ్లు పెట్టిండు" అన్నాను.

ఆయన నా వైపు చూశాడు. "అవ్ బిడ్డా, నేనే" అన్నాడు.

ఆ కాలు దక్కింది, రెండు వేళ్లు పోయాయి. ఆయన బతికినన్నాళ్లూ అక్క ఆ మొండితనాన్ని తిడుతూనే ఉంది. నేను పక్కనే కూర్చుని విన్నాను.